పురుగు లేని చేనికి మందెందుకు

వినుకొండ కొండ కనిపించినంత మేరా, మిరప చేనికి ముడత వచ్చిందంటే రైతు ముందుగా పోయేది పురుగుమందుల కొట్టుకు కాదు, ఆదాం సాయిబు ఇంటికి. ఆకులు కోసి తడిగుడ్డలో చుట్టి తెచ్చేవారు. ఆయన అరుగు మీద కూర్చుని, ఆకు తిరగేసి, ఈనె పక్కన గోటితో గీకి, వెలుగుకు పట్టి చూసేవాడు.

"పోయిన వారం కొట్టిన మందేగా మళ్ళీ కొట్టావ్?"

"అదే కొట్టా సాయిబన్నా. అప్పుడు బానే పనిచేసింది."

"అప్పుడు పనిచేసింది కాబట్టే ఇప్పుడు చేయదు. పురుక్కి అలవాటైపోయింది. మందు మార్చు."

మారిస్తే ముడత విడేది. చదివింది ఐదో తరగతి, అదీ వానొస్తే సెలవిచ్చే బడిలో. అయినా మందు డబ్బా మీద చీమల బారులా ఉండే అక్షరాలు చదివి, ఏది దేనికో, ఏది దేంతో కలపకూడదో చెప్పగలిగిన వాడు ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే. ఆ ఊళ్ళో తేజ మిర్చి మొదట వేసింది ఆయన. బొట్టు బొట్టుగా నీళ్ళిచ్చే గొట్టాలు చేలో మొదట పరిచింది ఆయన. కడపటి వాడకు కరెంటు స్తంభాలు పడేదాకా ఆఫీసు మెట్లు అరగదీసింది ఆయన. నల్ల తామరపురుగు వచ్చి ఎక్కడి మిరప అక్కడ మాడిపోయిన ఏడు కూడా ఆయన చేలో కాయ ఎర్రబడింది. రైతు సభలో పిలిచి శాలువా కప్పారు. ఊరికి క్లినిక్కు మంజూరై, స్థలం లేక వెనక్కి పోబోతుంటే, ఇంటి పక్క దొడ్డి రాసిచ్చి నిలబెట్టింది కూడా ఆయనే. ఇవన్నీ ఎవరూ అడక్కుండా ఆయనే చెప్పేవాడు. విన్నవాళ్ళకు విసుగు పుట్టేది కాదు, ఎందుకంటే అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆదాం సాయిబు నోట అబద్ధం రాదని ఊరంతా ఎరుగుదురు.

ఆయన భార్య ఫాతిమాకు మూర్ఛ జబ్బు.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు, ఇద్దరాడపిల్లలు పుట్టాక వచ్చింది. కళ్ళంలో కూలీలతో పాటు కూర్చుని, రంగు తేలిపోయిన తాలుకాయలు ఏరుతోంది. ఏరుతున్నదల్లా చెయ్యి బిగుసుకుపోయి ఆరబోసిన మిరపకాయల మీదికి ఒరిగిపోయింది. ఆడవాళ్ళు పరుగున వచ్చి చేతిలో తాళాల గుత్తి పెట్టారు, ఉల్లిపాయ చితగ్గొట్టి వాసన చూపించారు. కాసేపటికి లేచి, కొంగు సర్దుకుని, ఒంటికంటుకున్న గింజలు దులుపుకుని, "తాలు గంప ఎవరు తన్నేశారే?" అంది.

ఆదాం తాయెత్తుల జోలికి పోలేదు. ఆ మాటా గర్వంగానే చెప్పేవాడు. నేరుగా నర్సరావుపేటలో డాక్టరుకు చూపించాడు. డాక్టరు మాత్రలు రాశాడు. కొన్నాళ్ళు బాగానే ఉంది. ఒకరోజు మళ్ళీ వచ్చింది. అప్పుడప్పుడూ ఒకటి వస్తుందనీ, మాత్ర కొంచెం పెంచి అదే వాడాలనీ డాక్టరు చెప్పాడు. ఆదాం తల ఊపాడు గానీ లోపల నవ్వుకున్నాడు. జబ్బు ఈ మందుకు అలవాటు పడింది. ఇంక దీన్నెన్నాళ్ళు మింగించినా నీళ్ళే. ఈ సంగతి చేలో దిగని డాక్టరుకెట్టా తెలుస్తుంది?

గుంటూరు తీసుకుపోయాడు. అక్కణ్ణుంచి ఒంగోలు. ఆ తర్వాత చీరాల. ప్రతిచోటా కొత్త మాత్రలు. కొత్తవి చేతికి రాగానే పాతవి ఆ పూటే ఆపించేవాడు. పాత మందు ఒంట్లోంచి పోయి, కొత్తది ఇంకా పట్టు దొరకబుచ్చుకోని ఆ సందులో ఫిట్లు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. "చూశావా, ఇదీ పనిచేయలా" అని ఇంకో డాక్టరును వెతికేవాడు. ఫాతిమా నోరు ఊరుకునే రకం కాదు.

"ఏమయ్యా, నన్ను పెళ్ళి చేసుకున్నావా, కౌలుకు తీసుకున్నావా?"

"కౌలు చేనైతే ఇంత శ్రద్ధ పెడతానా? సొంత చేనువి."

"అట్టాగైతే ఒక్క కారు బీడు వదిలెయ్. కాస్త ఊపిరి పీల్చుకుంటా."

ఆయన నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఏళ్ళు అట్లా గడిచిపోయాయి, ఆడపిల్లలిద్దరూ అత్తగారిళ్ళకు పోయారు.

ఆమెకు ఉన్న కోరిక ఒక్కటే. వేటపాలెంలో అక్క ఉంది, నసీమున్నీసా. తల్లి చిన్నప్పుడే పోతే ఫాతిమాను చంకనేసుకుని పెంచింది. జీడిపిక్కలు కొట్టే పనికి పోతుంది. జీడి సొన తగిలి వేళ్ళు నల్లబడి ఉంటాయి. మొగుడు పక్షవాతంతో మంచాన ఉన్నాడు కాబట్టి ఇల్లు వదిలి రాలేదు. ఆ అక్క దగ్గర ఒక నెల ఉండి రావాలని ఫాతిమాకు. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఆదాం తీసుకుపోకపోలేదు. పొద్దున తీసుకుపోయి సాయంత్రానికి తీసుకొచ్చేసేవాడు.

"పొద్దున పోయి పొద్దుగూకే లోపల రావటమూ పోవటమేనా? ఇంత నీళ్ళు తాగి, అక్కా ఎట్టున్నావంటే, బస్సు టైమైందంటావ్."

"ఒక్కదాన్ని ఎట్టా పంపేది? నర్సరావుపేటలో బస్సు మారాలి. ఆ బస్టాండులో పడ్డావంటే? నలుగురూ చుట్టూ చేరి, ఎవరీమె, ఎవరింటి మనిషంటే?"

ఆఖరి మాట ఆయన మెల్లగా అన్నా, ఆమెకు వినిపించింది. చివరికి ఆదాం ఒక ఒప్పందం పెట్టాడు. మిరప నారు పోసిన నాటి నుంచి మళ్ళీ ఏడు నారు పోసే దాకా ఒక్క ఫిట్టు రాకుండా ఉంటే, తనే బస్సెక్కించి ఒంటరిగా పంపిస్తాడు. నెల కాదు, ఇష్టమైనన్నాళ్ళు ఉండి రావచ్చు. ఫాతిమా సరేనంది. అక్కకు ఫోను చేసి చెప్పింది కూడా.

ఆ ఏడు నిండలేదు. మరుసటి ఏడూ నిండలేదు. ప్రతి శుక్రవారం నసీమున్నీసా ఫోను చేసి, "ఏమే, ఈసారి గడువు దాటేట్టున్నావా?" అనడిగేది. "మూడు కోతలైనయ్యక్కా, ఇంకెంత" అనేది ఫాతిమా. ఆదాం మందు మార్చేవాడు. గడువు మళ్ళీ మొదటికొచ్చేది.

ఆదాం గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీ బస్తాలు వేసుకుని పోయిన ఒక రోజున, ఫాతిమా నీళ్ళ బిందెతో వస్తూ క్లినిక్కు గోడ పక్కనే పడిపోయింది. లోపల్నుంచి శ్రీదుర్గ వచ్చింది. పొదిలి వైపు పిల్ల. నర్సు చదువు చదివి ఆ క్లినిక్కులో పనిచేస్తోంది. చుట్టూ చేరిన వాళ్ళ చేతుల్లోంచి తాళాలు లాగేసి, ఫాతిమాను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద తన చున్నీ మడిచి పెట్టింది. నోట్లో ఏమీ పెట్టొద్దని అందరినీ దూరం జరిపింది. తెలివొచ్చాక ఇంటి దాకా తోడు వచ్చి, ఏ మాత్రలు వాడుతున్నారో చూపించమంది. ఫాతిమా బిస్కట్ల డబ్బా ఒకటి దించి మంచం మీద కుమ్మరించింది. రంగు రంగుల మాత్రల అట్టలు, అన్నీ సగం సగం.

"మామ్మా, ఇన్నిట్లో ఒక్కటి కూడా అయ్యేదాకా మింగలేదా?"

"మా ఆయన మింగనిస్తే గదా తల్లీ. ఆయనకు ప్రతి మందూ పాతబడి కనిపిస్తది."

గుంటూరు పెద్దాసుపత్రిలో నరాల డాక్టర్లు ఊరికే చూస్తారనీ, ఒకసారి వాళ్ళు మందు నిర్ణయిస్తే నెలనెలా ఆ మాత్రలు ఇక్కడే, ఈ గోడవతలే ఉచితంగా ఇస్తారనీ శ్రీదుర్గ చెప్పింది. యార్డు నుంచి తిరిగొచ్చిన ఆదాంకు ఆ మాట రుచించలేదు.

"ఉచితంగా వచ్చేది నీళ్ళేనమ్మా. ఒకేడు ఎవడో జీపులో వచ్చి, శాంపిలని ఊరంతా ఊరికే పంచాడు. కొడితే పురుగు అందులో స్నానం చేసింది."

"తాతగారూ, ఈ క్లినిక్కు స్థలం మీరు డబ్బులు తీసుకునే ఇచ్చారా?"

"నేనెందుకు తీసుకుంటా? ఊరి కోసం ఊరికే ఇచ్చా."

"మరి అదీ నీళ్ళేనా?"

ఫాతిమా పకపకా నవ్వింది. ఆదాం సాయిబు ఆ పూట అరుగు దిగి చేలోకి పోయాడు. కానీ మరుసటి వారం గుంటూరు బస్సెక్కారు.

పెద్దాసుపత్రిలో వరస పెద్దది. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు చీటీలు పట్టుకుని గోడ వెంట కూర్చున్నారు. డాక్టరు నడివయసు మనిషి, తొందరపడకుండా విన్నాడు. ఆదాం తన పద్ధతి, మందుల మార్పిడి, పురుగు అలవాటు పడటం అంతా వివరంగా చెప్పాడు. డాక్టరు చివరిదాకా విని నవ్వాడు.

"చేను సంగతి మీరు చెప్తే నేను వింటానండి. ఈమెను మాత్రం నాకొదిలేయండి. ఇది పురుగు కాదు, మందుకు ముదరదు. రోజూ అదే మాత్ర, అదే వేళకు. మార్చొద్దు, మానొద్దు. కొన్నేళ్ళు ఏమీ రాకపోతే అప్పుడు నేనే చూసి కొంచెం కొంచెంగా తగ్గిస్తా. ఉన్నట్టుండి ఆపారంటే మాత్రం ప్రాణం మీదికొస్తది."

ఆ మాత్రలే పనిచేశాయి. మొదట్లో మగతగా ఉండేది. తర్వాత సర్దుకుంది. తన బీపీ మాత్రలకు ఎటూ పోతాడు కాబట్టి నెలనెలా ఆమె మాత్రలు కూడా ఆదామే తెచ్చేవాడు. నారు పోశారు, నాట్లు వేశారు, పూత వచ్చింది, మొదటి కోత అయింది. ఫిట్టు రాలేదు. ఫాతిమా మళ్ళీ కళ్ళంలో కూర్చుని తాలు ఏరింది. ఎప్పుడూ ఎవరో ఒకరు వెనక ఉండి కనిపెట్టుకునే మనిషి, ఆ ఏడు ఒక్కతే వాగు దాటి చేలోకి అన్నం తీసుకొచ్చింది. శుక్రవారం ఫోన్లలో మాట మారింది.

"అక్కా, ఇక కడపటి కోతే. నారు పోయటమే తరువాయి."

"రావే. మేడ మీద పడుకుందాం. సముద్రం గాలొస్తది. వచ్చేటప్పుడు మీ కాయలు తీసుకురా, ఇక్కడి కారంలో కారమే లేదు."

ఆదాం ఊరికే ఉన్నాడా? ఆకులు చూపించుకోను వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. "మా ఇంటిదాన్ని గుంటూరు తీసుకుపోయి బాగు చేయించా. ఇన్ని నెలలుగా ఒక్కటి రాలా." కరెంటు స్తంభాలూ, శాలువా అయ్యాక, ఆ ముక్క కూడా ఆయన చెప్పే వరసలో చేరిపోయింది.

కానీ ఒక పురుగు ఆయన బుర్రనే తొలవటం మొదలుపెట్టింది. చేలో పురుగు లేనప్పుడు మందు కొట్టేవాణ్ణి ఆయన జీవితమంతా తిట్టాడు. ఉత్తపుణ్యాన కొడితే ఆకు మాడుతుంది, కాయలో విషం దిగుతుంది. ఇక్కడ జబ్బు పోయి ఇన్ని నెలలైంది, ఈమె రెండు పూటలా మింగుతూనే ఉంది. మధ్యాహ్నం పూట కునుకుతోంది. ఇదంతా మందు మాడు కాదూ? శ్రీదుర్గను అడిగితే, "అమ్మో, ఆపొద్దు తాతగారూ" అంది. ఫాతిమాను అడిగాడు.

"పురుగు లేని చేనికి మందెందుకే?"

"నీకు దణ్ణం పెడతా. నారు పోసేదాకా ఆగు. నేను పోయొచ్చినాక ఏదన్నా చెయ్."

ఆయన ఆగలేదు. తను చెప్పింది నిజమని శ్రీదుర్గకూ, గుంటూరు డాక్టరుకూ తెలియాలి. మందు లేకుండానే బాగుందని తేలితే ఫాతిమా ఇంక ఏ భయమూ లేకుండా అక్క దగ్గర ఉంటుంది. ఆమె మేలు కోరే అనుకున్నాడు. ఆ నెల క్లినిక్కు నుంచి తన బీపీ మాత్రలు మాత్రం తెచ్చుకున్నాడు. ఆమె చెయ్యి చాపితే, చెప్పు విప్పుతూ కిందికి చూసి అన్నాడు.

"స్టాకు రాలేదంట."

"అదేంది? ఎన్నడూ లేనిది. వినుకొండ పోయి అడుగుదామా?"

"నాలుగు రోజుల్లో వస్తదంటగా. ఈలోపల ఏం కాదులే."

ఆదాం సాయిబు నోట వచ్చింది కాబట్టి ఆమె నమ్మింది.

కొన్ని రోజులు ఏమీ కాలేదు. ఆయన లోలోపల పొంగిపోయాడు. గుంటూరు డాక్టరుకు ఎట్లా చెప్పాలో మాటలు కూర్చుకున్నాడు. నారుమడికి దుక్కి చేయించి, విత్తనం తెచ్చి పెట్టాడు. విత్తనం చల్లే రోజు పొద్దున ఫాతిమా మడి గట్టు మీద నిలబడి నవ్వుతూ, "చల్లవయ్యా తొందరగా, నాకు బస్సుంది" అంది. ఆయన గుప్పిట నిండా విత్తనం తీసుకుని వంగాడు. వెనక దబ్బున చప్పుడైంది.

ఈసారి మునుపట్లా కాసేపటికి తగ్గలేదు. ఒకటి ఆగకముందే ఇంకొకటి. శ్రీదుర్గ పరుగెత్తుకొచ్చి అంబులెన్సు పిలిపించింది. వినుకొండ నుంచి గుంటూరు పంపించారు. చాలాసేపు తెలివి రాలేదు. ఆయన వరండాలో గోడకానుకుని నిలబడ్డాడు. కాళ్ళకు నారుమడి బురద ఎండిపోయి ఉంది. అదే డాక్టరు బయటికొచ్చి, "మాత్రలు ఆపారా?" అనడిగాడు. ఆదాం నోరు తెరిచాడు. "స్టాకు లేదన్నారండి" అన్నాడు. ఒకసారి ఆడిన అబద్ధం రెండోసారికి సులువైంది.

ఫాతిమా బతికింది. ఇంటికొచ్చాక అక్కకు ఫోను చేసింది. నసీమున్నీసా, "పోనీలేవే, ఇంకో ఏడు ఎంతలో వస్తది" అంది.

ఆ నెల ఆదాం మాత్రలకు బయల్దేరుతుంటే ఫాతిమా అడ్డొచ్చింది. "నువ్వొద్దులే. నావి నేనే తెచ్చుకుంటా." ఆయన వెనక్కి తగ్గాడు. అప్పటినుంచి ఆమెవి ఆమే తెచ్చుకునేది. గుంటూరు డాక్టరుకు చూపించుకునే తేదీ కూడా శ్రీదుర్గ చెబితే, ఫాతిమాయే ఆయనకు గుర్తు చేసేది. జబ్బు మనిషికి ధైర్యమొచ్చిందనుకుని ఆదాం సంతోషపడ్డాడు.

పత్తి తీతలప్పుడు వేటపాలెం నుంచి కబురొచ్చింది. నసీమున్నీసా రొమ్ము పడిశం పట్టి, రెండు రోజులు పనికి పోకుండా పడుకుని, మూడో రోజు కన్నుమూసింది. కారు మాట్లాడుకుని పోయారు. మట్టి చేసి, చుట్టాలతో కూర్చుని, మళ్ళీ అదే కారులో వచ్చేశారు. దారంతా ఫాతిమా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. ఆదాం ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ రోడ్డు ఎప్పుడు వేశారో, అంతకుముందు ఎట్లా ఉండేదో.

ఆ తర్వాత పూత, కాయ, కోత, కళ్ళం. ఫాతిమా వేళ తప్పకుండా మాత్ర మింగింది. ఒక్కటీ రాలేదు. మళ్ళీ నారు పోశారు. ఏడు నిండింది. సాయిబు మాట తప్పే మనిషి కాదు.

"ఇక పోయిరా" అన్నాడు. "అక్క కూతురు నస్రత్ ఉందిగా. దాని దగ్గర ఉండు. మేడ ఎక్కు. నీకెన్నాళ్ళు ఉండాలనిపిస్తే అన్నాళ్ళు."

ఆమె సరేనంది. సంచిలో రెండు చీరలు, మాత్రలు పెట్టుకుంది. మిరపకాయలు పెట్టుకోమని ఆయన మూట కట్టి ఇస్తే, వద్దని పక్కన పెట్టింది. ఆదాం స్వయంగా బస్సెక్కించాడు. బస్సు కదిలాక కూడా ఆగిన ప్రతివాడికీ చెప్పాడు. "ఒక్కతే పోతంది. పేటలో బస్సు మారాలి. అయినా పోతంది." ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంది. పెద్ద బాకీ తీర్చేసిన వాడిలా ఇల్లంతా తిరిగాడు. తనకు తనే అన్నం వండుకున్నాడు. ఎన్నాళ్ళుంటుందో, నెల ఉంటుందేమోనని, సరుకులు చూసుకున్నాడు.

మరునాడు మధ్యాహ్నం అరుగు మీద ఒక రైతు ఆకు చూపిస్తుంటే ఫాతిమా సంచి పట్టుకుని ఎండలో నడిచొచ్చింది. ఆయన ఆకు వదిలేసి లేచాడు.

"అదేంది, అప్పుడే వచ్చావ్? ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది."

"మరి?"

"ఏముందక్కడ? నస్రత్ పొద్దున్నే పిక్కల పనికి పోయింది. పిల్లలు బడికి పోయారు. బావకు మాట రాదు, మంచం దిగడు. మేడ మీద కాసేపు కూర్చున్నా. గాలి బానే ఉంది. ఒక్కదాన్నే ఎంతసేపు కూర్చునేది? బస్సెక్కా."

రైతు మెల్లగా తన ఆకులు తీసుకుని వెళ్ళిపోయాడు. ఫాతిమా కాళ్ళు కడుక్కుని, అరుగు చివర కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగింది. ఇన్నాళ్ళుగా చెప్పుకోలేనిది ఇప్పుడైనా చెప్పుకోవాలనిపించింది ఆదాంకు.

"ఫాతిమా, ఆ నెల మాత్రలు..."

"తెలుసులే."

"ఏం తెలుసు?"

"ఆసుపత్రి నుంచి వచ్చిన వారమే తెలుసు. స్టాకెప్పుడొచ్చింది తల్లీ అని దుర్గమ్మనడిగా. అసలెప్పుడయిపోయింది మామ్మా అంది."

"మరి నన్నడగలేదే?"

"అప్పుడడిగితే పోయిన ఏడు తిరిగొస్తదా? ఇప్పుడడిగితే అక్క మళ్ళీ ఫోను చేస్తదా?"

కోపంగా అనలేదు. వాన పడలేదని చెప్పినట్టు చెప్పింది. కోపంగా అని ఉంటే ఆయనకు జవాబు చెప్పే వీలుండేది. మాత్రల మగతనూ, మందు మాడునూ, మేలు కోరానన్న మాటనూ అన్నీ వరసగా చెప్పేవాడు. ఆమె చెంబు బోర్లించి, సంచిలోంచి మాత్రల అట్ట తీసుకుని లోపలికి పోయింది.

తర్వాత కూడా రైతులు ఆకులు తెస్తూనే ఉన్నారు, ఆయన చూసి చెబుతూనే ఉన్నాడు. స్తంభాల సంగతి, శాలువా సంగతి ఇప్పటికీ చెబుతాడు. ఇంటిదాన్ని బాగు చేయించిన ముక్క దగ్గరికి రాకముందే మాట ఆపేసి, తడిగుడ్డ విప్పమంటాడు. ఎవరింట్లోనైనా ఫిట్ల మనిషి ఉన్నారని తెలిస్తే మాత్రం తనే వెంటబెట్టుకుని క్లినిక్కు దాకా వస్తాడు. లోపలికి రాడు. గోడ బయట నిలబడి, "ఆ పిల్ల ఎట్టా చెప్తే అట్టా మింగండి. నన్నేమీ అడక్కండి" అంటాడు.